గ్రంథకర్తే ప్రకాశకుడైనప్పుడు: తెలుగు పుస్తక ప్రచురణ మార్గాల సమీక్ష

తెలుగులో పుస్తకం రాసినవారికి రాత ముగిసిన వెంటనే ఎదురయ్యే ప్రశ్న సాధారణంగా "ఎవరు అచ్చు వేస్తారు" అన్న రూపంలో వస్తుంది గానీ, ముద్రణ ఇంత సులువైన కాలంలో ఆ ప్రశ్నకు పూర్వపు బరువు లేదు. సిద్ధమైన వ్రాతప్రతిని అచ్చు పుస్తకంగా మార్చడం కొన్ని వారాల పని. దాన్ని ముక్కూ మొహం తెలియని పాఠకుడి దాకా చేర్చడం, అయిదేళ్ల తరువాత అడిగినవారికి కూడా ప్రతి దొరికేలా చూడడం, ఈలోగా హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో తేటగా ఉంచుకోవడం మాత్రం ఏళ్ల తరబడి సాగే పనులు. ప్రచురణ మార్గాన్ని ఎంచుకోవడమంటే ఈ పనుల్లో రచయిత వేటిని స్వయంగా మోయగలడో, వేటిని ఇతరులకు అప్పగించక తప్పదో, అప్పగించినందుకు ఏమి వదులుకోవలసి వస్తుందో తేల్చుకోవడమే.

ప్రచురణకర్త అనే మాట కింద చాలా పనులు దాగి ఉన్నాయి: వచ్చిన వ్రాతప్రతుల్లో కొన్నింటిని ఏరుకోవడం, ఏరుకున్నదాన్ని పరిష్కరించడం, పెట్టుబడి పెట్టడం, దుకాణాలకు పంపడం, ప్రతులు అయిపోయినప్పుడు మళ్లీ వేయడం. వీటన్నింటినీ ఒకే సంస్థ చేసిన సందర్భాలు తెలుగులో ఉన్నా, అది ఎన్నడూ సర్వసాధారణం కాలేదు. తెలుగు పుస్తకాల లోపలి పుటను తిప్పి చూస్తే "ప్రతులకు" అన్న మాట కింద రచయిత ఇంటి చిరునామాయే ఉండడం, ప్రచురణ సంస్థ పేరు రచయిత తల్లిదండ్రులదో పిల్లలదో కావడం ఎంత మామూలో పాఠకులకు తెలుసు. ఇంగ్లీషు ప్రచురణ రంగంలో స్వీయప్రచురణకు చాలాకాలం అంటుకున్న చిన్నచూపు ఇక్కడ పెద్దగా లేదు. కవిత్వం విషయంలోనైతే అదే రాజమార్గం. కాబట్టి సొంతంగా వేసుకోవడం గౌరవమా కాదా అన్న చర్చ తెలుగు రచయితకు అనవసరం.

ఈ పరిస్థితికి చరిత్ర ఉంది. కందుకూరి వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' పత్రికను ప్రారంభించి, సొంత ముద్రణశాలను సమకూర్చుకొని, తన 'రాజశేఖర చరిత్రము'ను ముందు పత్రికలో ధారావాహికగా, 1880లో పుస్తకంగా తెచ్చారు. రచన, సంపాదకత్వం, ముద్రణ, ప్రచారం అన్నీ ఒకే ఇంటి నుంచి సాగాయి. గురజాడ 'కన్యాశుల్కం' తొలి ముద్రణ 1897లో విజయనగర సంస్థానాధీశుడు ఆనందగజపతికి అంకితంగా వెలువడింది. కృతిభర్త, అంటే కావ్యాన్ని అంకితం పుచ్చుకొని కవిని ఆదరించే ప్రభువు, పాత కాలం నుంచి అచ్చు యుగంలోకి అలా కొనసాగాడు. మద్రాసులో వావిళ్ల వారు ప్రాచీన గ్రంథాలను సుపరిష్కృతంగా అచ్చు వేసి వ్యాపారంగానూ నిలబెట్టగలిగారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదులో నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి దీనికి భిన్నమైన దారి తొక్కి, చందాదారులను ముందుగా చేర్చుకొని వారి డబ్బుతో చరిత్ర, విజ్ఞాన శాస్త్ర గ్రంథాలను ప్రచురించింది. పాఠకుణ్ణి ముందు కూడగట్టి పుస్తకాన్ని తరువాత వేసే ఈ పద్ధతిలోని వివేకాన్ని తరువాతి వారు తగినంతగా గుర్తించలేదనే చెప్పాలి. ఎమెస్కో సంస్థ సభ్యుల ఇళ్లకు చవక పుస్తకాలు పంపిన 'ఇంటింటా స్వంత గ్రంథాలయం' పథకం అదే ఆలోచనకు మరో రూపం. ఇటీవల సామాజిక మాధ్యమాల్లో ముందస్తు కొనుగోళ్లు సేకరించి ఆ మేరకే ప్రతులు వేస్తున్న యువ రచయితలు కొత్తదనం అనుకుంటున్నది కూడా ఇదే.

వారపత్రికల ధారావాహికలు, అద్దె పుస్తకాల దుకాణాలు ఉచ్చస్థితిలో ఉన్న 1970, 80 దశకాల్లో నవలా రచయితకు ప్రచురణకర్తను వెతుక్కునే అవసరం అంతగా ఉండేది కాదు. పత్రికలో సాగిన నవలను విజయవాడ ప్రచురణకర్తలు పోటీపడి తీసుకునేవారు. అద్దె దుకాణాలే గణనీయమైన సంఖ్యలో ప్రతులు కొనేవి. టెలివిజన్ వచ్చాక ఆ దుకాణాలు మూతపడడంతో నవల వెనుక ఉన్న ఆ స్థిరమైన కొనుగోలు వ్యవస్థ చెదిరిపోయింది. కవిత్వానికి ఆ భాగ్యం అప్పుడూ లేదు, అంతకుముందూ లేదు: శ్రీశ్రీ 1930లలో రాసిన గీతాలు 'మహాప్రస్థానం' సంపుటిగా రావడానికి 1950 దాకా ఆగవలసి వచ్చింది.

ఇప్పుడు రచయిత ముందున్న సంస్థలను చూస్తే, 1953లో ఆరంభమైన విశాలాంధ్ర, ప్రజాశక్తి వంటివి ఉద్యమ నేపథ్యంతో, సొంత దుకాణాల వరుసతో నడిచినవి. 1980లో ఏర్పడిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాభాపేక్ష లేకుండా, అనువాదాలకూ సామాజిక విషయాలకూ పెద్దపీట వేసింది. ఎమెస్కో, నవోదయ వంటివి వ్యాపార సంస్థలు. వీటికి తోడు అన్వీక్షికి, ఛాయ, అజు వంటి కొత్త ప్రచురణ సంస్థలు కొత్త రచయితల కథలు, నవలల మీద ఆసక్తితో పుస్తకాన్ని అందంగా రూపొందించి పాఠకుల్లోకి తీసుకువెళుతున్నాయి. ప్రతి సంస్థకూ తనదైన అభిరుచి, తనదైన పాఠకవర్గం ఉంటాయి కాబట్టి, వ్రాతప్రతిని అందరికీ పంపి ఎదురుచూడడం కంటే ఆ సంస్థ గత మూడేళ్లలో వేసిన పుస్తకాల జాబితాను చదవడం ఎక్కువ ప్రయోజనకరం. అచ్చు వేసేందుకు సంస్థ ఒప్పుకున్నా ఖర్చు ఎవరిదన్నది వేరే ప్రశ్న. సంస్థ పేరు, రచయిత డబ్బు అనే మిశ్రమ పద్ధతి తెలుగులో విస్తారంగా ఉంది, దానిని దాచిపెట్టవలసిన పని లేదు గానీ కాగితం మీద రాసుకోవలసిన పని మాత్రం ఉంది.

సొంత ఖర్చుతో వేసుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది ముద్రణ లెక్క. తెలుగు పుస్తకాలకు ఎక్కువగా వాడే పరిమాణం డెమీలో ఎనిమిదో వంతు. ఒక పెద్ద కాగితాన్ని రెండు వైపులా అచ్చు వేసి మడిస్తే వచ్చే 16 పుటలను ఫారం అంటారు కాబట్టి, 160 పుటల పుస్తకం పది ఫారాలు, 162 పుటలైతే లెక్క చెడి కాగితం వృథా అవుతుంది. ఆఫ్‌సెట్ ముద్రణలో ప్లేట్లకూ యంత్రాన్ని సిద్ధం చేయడానికీ అయ్యే ఖర్చు ప్రతుల సంఖ్యతో నిమిత్తం లేకుండా పడుతుంది, అందువల్ల ప్రతులు పెరిగేకొద్దీ ఒక్కో ప్రతి ఖర్చు తగ్గుతుంది; డిజిటల్ ముద్రణలో ఆ స్థిరమైన ఖర్చు దాదాపు లేదు, కానీ పదో ప్రతికీ వందో ప్రతికీ అయ్యేది ఇంచుమించు ఒకటే. కాబట్టి వంద, రెండు వందల ప్రతులకు డిజిటల్, అయిదు వందలు దాటితే ఆఫ్‌సెట్ అన్నది స్థూలంగా చెప్పదగిన సూత్రం. ఆఫ్‌సెట్‌లో వెయ్యి ప్రతులు వేస్తే ఒక్కోటి చవకగా పడుతుందన్న ముద్రాపకుడి మాట లెక్క ప్రకారం నిజమే; అటక మీద చెదలు పట్టే ఆరు వందల ప్రతుల ఖర్చు ఆ లెక్కలోకి రాదు.

ఒక ఊహాజనిత ఉదాహరణతో ఇది స్పష్టమవుతుంది. 200 రూపాయల వెల ఉన్న పుస్తకాన్ని ప్రతికి 80 రూపాయల చొప్పున 500 ప్రతులు వేస్తే ఖర్చు 40,000 రూపాయలు. దుకాణదారుకు 40 శాతం కమీషన్ పోగా రచయితకు ప్రతికి 120 రూపాయలు మిగులుతాయి. ఆవిష్కరణ సభలోనూ, సమీక్షలకూ, పెద్దలకూ, బంధుమిత్రులకూ వంద ప్రతులు ఉచితంగా పోతాయనుకుంటే (ఈ సంఖ్య తెలుగు సభామర్యాదల దృష్ట్యా ఎక్కువేమీ కాదు), మిగిలిన 400లో 334 ప్రతులు అమ్ముడైతే గాని పెట్టుబడి తిరిగి రాదు. అదే పుస్తకాన్ని నేరుగా పాఠకుడికి అమ్మగలిగితే 200 ప్రతులతోనే లెక్క సరిపోతుంది. అచ్చు పుస్తకం మీద జీఎస్‌టీ లేకపోయినా కాగితం మీదా, ముద్రణ సేవల మీదా ఉన్నదని, అమ్మకం మీద పన్ను లేనందువల్ల ముందు కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు లేక అది వెలలోనే కలిసిపోతుందని కూడా గుర్తించాలి.

ఇంత లెక్క వేసుకునేవారు సైతం సంపాదకత్వానికి పైసా కేటాయించకపోవడం తెలుగు ప్రచురణలో అతి పెద్ద లోపం. ఇక్కడ సంపాదకత్వం అంటే అచ్చుతప్పులు దిద్దే ప్రూఫ్ రీడింగ్ కాదు. అధ్యాయాల క్రమం, పునరుక్తులు, వాస్తవాల తనిఖీ, తేదీల పొందిక, పాత్రల వయసుల లెక్క వంటివన్నీ పరాయి కంటితో చూసి రచయితతో వాదించే పని. ఆ పనికి పారితోషికం ఇచ్చే సంస్థలు తెలుగులో తక్కువ. స్వీయప్రచురణలో అసలు ఉండదు. దానికి బదులు మూడు ముందుమాటలు రాయించుకునే ఆచారం స్థిరపడింది. పేరున్నవారి ముందుమాట వల్ల పుస్తకానికి గౌరవం దక్కవచ్చు గానీ, పూర్తయిన అచ్చుప్రతిని చదివి రాసే ఆ నాలుగు పుటలు వ్రాతప్రతిలోని దోషాన్ని ఒక్కదాన్నయినా సవరించలేవు. ముందుమాట అడగడానికి వెళ్లే ఆ పెద్దల్లో ఒకరికే ఆరు నెలలు ముందుగా వ్రాతప్రతి ఇచ్చి, నిర్మొహమాటంగా దిద్దమని కోరి, అందుకు తగిన పారితోషికం ఇవ్వడం ఎంతో మేలు.

పుట కూర్పు దగ్గర తెలుగుకే ప్రత్యేకమైన చిక్కు ఉంది. డీటీపీ కేంద్రాల్లో ఏళ్లుగా వాడుకలో ఉన్న అను వంటి ఫాంట్లు యూనికోడ్‌కు పూర్వపు పద్ధతివి. అంటే వాటిలో కూర్చిన పాఠం కాగితం మీద చక్కగా కనిపించినా, కంప్యూటరుకు అది తెలుగు అక్షరాలుగా తెలియదు, వెతికితే దొరకదు, ఈ-పుస్తకంగా మార్చితే అక్షరాలు చెదిరిపోతాయి. యూనికోడ్ అనేది ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంకేతం ఉండే ప్రమాణం. మండలి, రామభద్ర, సురన్న వంటి ఉచిత ఫాంట్లు ఆ ప్రమాణాన్ని అనుసరిస్తాయి. పుస్తకాన్ని ఏ ఫాంటులో అచ్చు వేసినా, తుది దిద్దుబాట్లన్నీ చేరిన యూనికోడ్ పాఠాన్ని రచయిత తన దగ్గర ఉంచుకోవాలన్నది రాజీపడకూడని షరతు. డీటీపీ కేంద్రంలో చేసిన ఆఖరి సవరణలు అక్కడి కంప్యూటరులోనే మిగిలిపోయి, రెండో ముద్రణ నాటికి పుస్తకమంతా తిరిగి టైపు చేయించవలసి రావడం ఈ రంగంలో తరచూ వినిపించే సంగతి.

పంపిణీ దగ్గరకు వచ్చేసరికి ఎంపికలు ఒక్కసారిగా తగ్గిపోతాయి. తెలుగు పుస్తకాల టోకు వ్యాపారం విజయవాడ, హైదరాబాదుల్లో కేంద్రీకృతమై ఉంది. జిల్లా కేంద్రాల్లో సాహిత్య పుస్తకాలు అమ్మే దుకాణాలు వేళ్ల మీద లెక్కించదగినన్ని. విక్రేతలు సాధారణంగా 35 నుంచి 50 శాతం దాకా కమీషన్ తీసుకుంటారు, అదీ అమ్మిన తరువాత డబ్బు చెల్లించే పద్ధతి మీద. నెలల తరువాత లెక్క అడగడానికి మొహమాటపడే రచయితకు ఆ డబ్బు అందదు. ఇందులో విక్రేత దురుద్దేశం కంటే ఒంటరి రచయిత ఇచ్చిన పాతిక ప్రతుల ఖాతాను విడిగా చూసుకునే తీరిక ఎవరికీ లేకపోవడమే ఎక్కువగా కారణం. డిసెంబరులో హైదరాబాదులోనూ, జనవరి ఆరంభంలో విజయవాడలోనూ జరిగే పుస్తక ప్రదర్శనలు ఏడాది అమ్మకాల్లో పెద్ద భాగాన్ని మోస్తున్నాయి కాబట్టి, పుస్తకం నవంబరులోగా చేతికి వచ్చేలా పని మొదలుపెట్టడం ఆచరణలో తేలిన వివేకం. మార్చిలో వచ్చిన పుస్తకం ప్రదర్శనల నాటికి పాతబడిపోతుంది.

నేరుగా అమ్మదలచినవారికి తపాలా ఖర్చు ముఖ్యం. దశాబ్దాలుగా చవకగా నడిచిన రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఆపివేయడం చిన్న ప్రచురణకర్తలను గట్టిగా దెబ్బతీసింది. 2025 మే నుంచి ప్రవేశపెట్టిన జ్ఞాన్ పోస్ట్ 300 గ్రాముల దాకా 20 రూపాయలకు, అయిదు కిలోల దాకా 100 రూపాయలకు, పన్నులు అదనంగా, పుస్తకాలను చేరవేస్తుంది. అయితే అది విద్యా, సాంస్కృతిక, ధార్మిక పుస్తకాలకు ఉద్దేశించినది; ప్రకటనలు నిండిన వ్యాపార ప్రచురణలకు వర్తించదు.

ఐఎస్‌బీఎన్ గురించి ఉన్న అపోహలకు కొద్ది మాటలు చాలు. ఇది పుస్తకాన్ని గుర్తించే పదమూడు అంకెల సంఖ్య. మన దేశంలో రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ దీన్ని ఉచితంగా ఇస్తుంది, స్వయంగా ప్రచురించుకునే రచయిత కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. అది నాణ్యతకు ముద్ర కాదు, హక్కుల నమోదూ కాదు. అధ్యాపకుల పదోన్నతి లెక్కల్లో ఐఎస్‌బీఎన్ ఉన్న పుస్తకానికి మార్కులు దక్కడం మొదలయ్యాక, ఆ సంఖ్య కోసమే అచ్చయ్యే సిద్ధాంత వ్యాసాలు కుప్పలుగా పెరిగాయి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, దిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకూ ముప్పై రోజుల్లోగా ఒక్కో ప్రతి పంపాలి; రచయితే ప్రచురణకర్త అయినప్పుడు ఆ బాధ్యత అతనిదే. దీన్ని పాటించేవారు తక్కువ. వందేళ్ల తరువాత ఆ పుస్తకం ఒకటి ఉండేదని చెప్పగల చోటు మాత్రం అదే కావచ్చు.

రచయిత దగ్గర డబ్బు తీసుకొని పుస్తకం వేసిపెట్టే కంపెనీలు ఇటీవల తెలుగులోకీ వచ్చాయి. ముఖచిత్రం, పుట కూర్పు, ఐఎస్‌బీఎన్, ఆన్‌లైన్ దుకాణాల్లో జాబితా అన్నీ కలిపి ఒక మొత్తానికి ఇస్తామంటారు. ఊరికి దూరంగా, విదేశాల్లో ఉంటూ ముద్రణశాలల చుట్టూ తిరగలేని వారికి ఇది సౌకర్యమే. గిరాకీ వచ్చినప్పుడే ప్రతి అచ్చు వేసే పద్ధతి వల్ల ప్రతులు ఇంట్లో పేరుకుపోవు. కానీ ఆన్‌లైన్ జాబితాలో పేరు ఉండడం పంపిణీ కాదు, ఎవరూ వెతకని పుస్తకం అక్కడ ఎవరికీ కనిపించదు. కంపెనీ పేరిట ఐఎస్‌బీఎన్ ఉంటే లోకం దృష్టిలో ప్రచురణకర్త ఆ కంపెనీయే. డబ్బు కడుతున్నది రచయిత అయినప్పుడు ప్రత్యేక హక్కులు అడిగే ఒప్పందం మీద సంతకం చేయడానికి సమర్థన ఏదీ లేదు.

అన్నింటికంటే నిదానంగా ఆలోచించవలసినది హక్కుల విషయం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన పుట్టగానే హక్కు రచయితది, దానికి నమోదు తప్పనిసరి కాదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి; కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం మేరకే ఇచ్చినట్టుగా చట్టం భావిస్తుంది; వేరే ఏర్పాటు లేనప్పుడు, తీసుకున్న హక్కును ఏడాదిలోగా వినియోగించకపోతే అది తిరిగి రచయితకు చెందుతుంది. నోటిమాట మీద నడిచే తెలుగు ప్రచురణలో ఈ నిబంధనలు చాలామందికి తెలియవు. రాయల్టీ, అంటే అమ్మిన ప్రతి మీద రచయితకు దక్కే వాటా, ఆనవాయితీగా పది శాతం అనుకున్నా, అది అచ్చు వెల మీదనా, కమీషన్ పోగా వచ్చిన రాబడి మీదనా అన్నది తేల్చుకోవాలి. పై ఉదాహరణలో ఇదే పది శాతం ఒక లెక్కన 20 రూపాయలు, మరో లెక్కన 12 రూపాయలు. అనువాదం, శ్రవ్య పుస్తకం, సినిమా, ఈ-పుస్తకం హక్కులను ముద్రణ హక్కుతో కలిపి ఇవ్వకపోవడం మంచిది. ఒక తెలుగు నవల నుంచి నిజంగా డబ్బు వచ్చేది చాలాసార్లు ఈ రెండో వరుస హక్కుల నుంచే.

ఎలక్ట్రానిక్ మార్గాల్లో తెలుగు వెనుకబడడానికి రచయితల అలసత్వం ఒక్కటే కారణం కాదు. 2016 చివర కిండిల్ భారతీయ భాషల ఈ-పుస్తకాలను ప్రారంభించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు చోటిచ్చి తెలుగును వదిలేసింది. ఈ రంగంలో కినిగె వంటి తెలుగు వేదికలు కొంతకాలం విశేష కృషి చేశాయి. ప్రతిలిపి అనే ఆన్‌లైన్ వేదికలో ధారావాహికలు రాసేవారికి వేల సంఖ్యలో పాఠకులు దొరుకుతున్నా, వారు అచ్చు పుస్తకాన్ని కొనే పాఠకులు కారు. రెండు లోకాలూ ఒకదానికొకటి పెద్దగా తెలియవు. దాసుభాషితం వంటి శ్రవ్య వేదికలు ప్రవాస తెలుగువారికి, చూపు మందగించిన పెద్దలకు, ప్రయాణాల్లో ఉండేవారికి చేరువయ్యాయి. ప్రవాసుల పాత్ర పాఠకత్వంతో ఆగలేదు: ఉత్తర అమెరికా తెలుగు సంఘమైన తానా నవలల పోటీ ద్వారా చంద్రలత 'రేగడి విత్తులు', బండి నారాయణస్వామి 'శప్తభూమి' వంటి నవలలు వెలుగు చూశాయి. మతగ్రంథాలకు తిరుమల తిరుపతి దేవస్థానాల సహాయం, సాహిత్య రచనలకు తెలుగు విశ్వవిద్యాలయం సహాయం పొందినవారు అనేకులు. అయితే సహాయం ముద్రణకే గాని పంపిణీకి కాదు, అందువల్ల అటువంటి పుస్తకాలు అచ్చయి కూడా అందుబాటులో లేకపోవడం తరచూ కనిపిస్తుంది.

ఈ పరిశీలన వెలుగులో పుస్తకం స్వభావాన్ని బట్టి మార్గం మారుతుందని స్పష్టమవుతుంది. తొలి కవితా సంపుటికి రెండు వందల ప్రతులు, సొంత ఖర్చు, నేరు అమ్మకం చాలు; అంతకు మించి వేయడం ఆశే తప్ప అంచనా కాదు. నవలకూ కథల సంపుటికీ అభిరుచి కలిసే చిన్న ప్రచురణ సంస్థ మేలు, ఎందుకంటే అక్కడి పాఠకులు ఆ సంస్థ పేరు చూసి కూడా కొంటారు. విశ్వవిద్యాలయ సిద్ధాంత గ్రంథాన్ని ఉన్నదున్నట్టు అచ్చు వేయడం కంటే మూడో వంతుకు కుదించి మళ్లీ రాయడం ముందు జరగాలి. ఊరి చరిత్ర, కులవృత్తుల వివరాలు, మాండలిక పదకోశం వంటివి ఏ సంస్థకూ లాభసాటి కావు గానీ, వాటి పాఠకులు ఎక్కడున్నారో కచ్చితంగా తెలుసు కాబట్టి విజ్ఞాన చంద్రిక నాటి చందా పద్ధతి వాటికి అతికినట్టు సరిపోతుంది.

ఏ మార్గం ఎంచుకున్నా హక్కు రచయిత మరణానంతరం అరవై ఏళ్లు కొనసాగుతుందన్న సంగతి తరచూ మరుగున పడుతుంది. వారసులెవరో, ఎక్కడున్నారో తెలియక పునర్ముద్రణ ఆగిపోయిన మంచి పుస్తకాలు తెలుగులో కొల్లలు. వీలునామాలో హక్కుల ప్రస్తావన ఒక వాక్యంగా చేర్చడం, లేదా ఫలానా సంస్థ ఎప్పుడైనా పునర్ముద్రించవచ్చని ముందే రాసి ఇవ్వడం దీనికి పరిష్కారం. అదీ వద్దనుకునేవారు చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం కాపీరైట్ రిజిస్ట్రారుకు తెలియజేసి గాని, బహిరంగ ప్రకటన ద్వారా గాని తమ హక్కులను పూర్తిగానో కొంతమేరకో వదులుకోవచ్చు.